దామగుండం అడవి ఇచ్చేంత అవసరమా ఈ అణు జలాంతర్గాములు?

మూసీ ఒడ్డు:
మా వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాలు నేవీ స్టేషన్‌కి ఇచ్చారు, 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన కూడా అయింది. జలాంతర్గాములకి సందేశాలు పంపడానికట. నేల మీద అగ్ని క్షిపణులున్నాయి, విమానాలున్నాయి, ఇంకా సముద్రం అడుగున అణు క్షిపణులెందుకు? సూటిగా చెప్పండి.

భీమిలి తీరం:
అన్నా, అవసరమే అంటాను. అణ్వాయుధాన్ని మనం ముందుగా వాడబోమని 2003లో మన ప్రభుత్వం అధికారికంగా చెప్పింది. అంటే మొదటి దెబ్బ తిన్నాక కూడా తిరిగి కొట్టడానికి మనకేదో ఒకటి మిగలాలి. ఎయిర్‌బేస్ ఎక్కడుందో ఉపగ్రహానికి కనిపిస్తుంది. డీజిల్ సబ్‌మెరైన్ బ్యాటరీ ఛార్జింగ్ కోసం పైకి రాక తప్పదు, మన విశాఖలో కట్టిన అణు జలాంతర్గామి అరిహంత్‌కి రియాక్టర్ ఉంది కాబట్టి తిండి సరుకులు ఉన్నన్నాళ్లూ కిందే ఉండగలదు, దాన్ని వెతికి పట్టుకోవడం చాలా కష్టం. అది ఎక్కడో ఉందన్న భయమే అవతలివాడి చెయ్యి ఆపుతుంది.

గోదారి గట్టు:
ఎవడి చెయ్యి? అరిహంత్‌లో మొదట పెట్టిన కె-15 క్షిపణి వెళ్లేది 750 కిలోమీటర్లు, బంగాళాఖాతం ఉత్తర కొస నుంచి లెక్కేసినా బీజింగ్ 3,000 పైనే. 3,500 వెళ్లే కె-4 క్షిపణిని మన రెండో అణు జలాంతర్గామి అరిఘాత్ నుంచి పరీక్షించింది 2024 నవంబర్‌లో. ఎప్పుడూ ఒకటి సముద్రంలో ఉండేలా చూసుకోవడానికి బ్రిటన్ ఇలాంటి జలాంతర్గాములు నాలుగు నడుపుతోంది. నా అసలు టెన్షన్ వేరే: నేల మీద వార్‌హెడ్‌ని, అంటే పేలే అణు భాగాన్ని, క్షిపణి నుంచి విడిగా ఉంచొచ్చు, గస్తీకి వెళ్లిన సబ్‌మెరైన్‌లో అలా ఉంచితే దాని వల్ల లాభమే లేదు. అంటే వార్‌హెడ్ బిగించే వెళ్లాలి, అలాంటి దానికి ఢిల్లీతో సంబంధం తెగితే?

భీమిలి తీరం:
తెగకూడదనే ఈ స్టేషన్. మామూలు రేడియోని ఉప్పునీళ్లు మింగేస్తాయి, బాగా పొడవైన తరంగాలే కొన్ని మీటర్లు లోపలికి దిగుతాయి, వాటికి యాంటెన్నాలు ఎకరాలకి ఎకరాలు కావాలి. ఇప్పుడున్నది 1990 నాటి తిరునెల్వేలి స్టేషన్ ఒక్కటే, దాన్ని కొడితే మన జలాంతర్గాములకి చెవులు పోయినట్టే. ఆగమని చెప్పాలన్నా అదే దారి. అయితే దాని పేరు చెప్పి దామగుండం గుడికి దారి మూసినా, మూసీకి నీళ్లొచ్చే వాగులు పాడైనా నేనూ ఒప్పుకోను, ఎన్ని చెట్లు కొడతారో లెక్క రాసివ్వాలి.

మూసీ ఒడ్డు:
రెండో స్టేషన్ ఉండాలన్నది సరే, అర్థమైంది. ఆ రాసిచ్చేదేదో మొదటి చెట్టు కొట్టకముందే మా ఊళ్లవాళ్ల చేతిలో పెట్టాలి, నా పట్టు అదొక్కటే.