టెక్సస్‌లోని ఫ్రిస్కోలో 51.46 డాలర్ల సరుకులకి ట్యాక్స్ 2.06 ఎలా వచ్చింది?

ప్రశ్న: టెక్సస్‌కి కొత్తగా వచ్చాం. ఇక్కడ సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం అంటున్నారు. ఆ లెక్కన ఈ బిల్లుకి 4.25 పడాలి, 2.06 మాత్రమే వేశారు. సోనా మసూరి 18.99, కందిపప్పు 7.49, మామిడి జ్యూస్ 2.00, బట్టల డిటర్జెంట్ 12.99, పేపర్ ప్లేట్లు 4.99, వేడి సమోసాలు 5.00. షాపువాళ్లు పొరబడ్డారా?

జవాబు: లేదండీ, సరిగ్గానే వేశారు. బియ్యం, పప్పు, పిండి, పాలు, గుడ్లు, కూరగాయలు, పళ్లకి టెక్సస్‌లో పన్ను లేదు. మిగతా నాలుగూ కూడితే 24.98. దానిమీద 8.25 శాతం అంటే 2.06. ఆ 8.25లో 6.25 శాతం రాష్ట్రానిది, మిగతా 2 స్థానికం. స్థానిక పన్ను 2 దాటకూడదు కాబట్టి ఈ రాష్ట్రంలో ఎక్కడా 8.25 మించదు. మనవైపు ఎమ్మార్పీలోనే పన్ను కలిసి ఉంటుంది, ఇక్కడ అరమీద రాసిన ధరకి కౌంటర్ దగ్గర కలుపుతారు.

ప్రశ్న: మరి జ్యూస్, సమోసా కూడా తిండే కదా?

జవాబు: తిండే, కానీ వేడిచేసి అమ్మితే అది హోటల్ భోజనంతో సమానం, పన్ను పడుతుంది. అదే సమోసా ఫ్రీజర్ పెట్టెలోది కొంటే పడదు. జ్యూస్ దగ్గర డబ్బా తిప్పి శాతం చూడండి. తీపి కలిపిన పానీయంలో పళ్లరసం సగం కన్నా ఎక్కువ ఉంటే పన్ను లేదు, సగమో అంతకు తక్కువో ఉంటే కూల్‌డ్రింక్ కిందే లెక్క. మనవాళ్లు ఇష్టపడే మామిడి డ్రింకుల్లో చాలావాటికి ఆ సగం ఉండదు. పాలు కలిసినవి కూల్‌డ్రింక్ కిందికి రావు, అందుకే బాదం పాలకీ లస్సీకీ పన్ను వేయరు. చాక్లెట్లు, చూయింగ్ గమ్‌కి పడుతుంది. చిప్స్ పెద్ద ప్యాకెట్‌కి పడదు గానీ ఒక్కరికి సరిపోయే చిన్న ప్యాకెట్‌కి పడుతుంది. కాస్త విడ్డూరమే, రూలు అలాగే ఉంది.

ఇంకొకరి జవాబు: మందులు కూడా చేర్చండి. డాక్టర్ చీటీ లేకుండా కొనే జ్వరం బిళ్లలాంటి వాటి మీద 'డ్రగ్ ఫ్యాక్ట్స్' అనే పట్టీ ఉంటే పన్ను లేదు. 'సప్లిమెంట్ ఫ్యాక్ట్స్' అని ఉన్న విటమిన్లకీ అంతే. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లకి 2023 సెప్టెంబర్ 1 నుంచి తీసేశారు. టాయిలెట్ పేపర్, గిన్నెల సబ్బులాంటివి ఎంత నిత్యావసరమైనా పన్ను కట్టాల్సిందే.

ప్రశ్న: పన్ను లేనిదానికి పొరపాటున వేస్తే?

జవాబు: చాలా బిల్లుల్లో పన్ను పడిన వస్తువు పక్కన ఒక అక్షరం ఉంటుంది. షాపుని బట్టి అది మారుతుంది, ముందు అది పోల్చుకోండి. తప్పు కనిపిస్తే రసీదు పట్టుకుని ఆ షాపునే అడగాలి, ఎందుకంటే పన్ను రాష్ట్రానికి కట్టింది వాళ్లు. వాళ్లు తిరిగివ్వకుండా మిమ్మల్నే రాష్ట్రం నుంచి తీసుకోమంటే, ఆ హక్కు మీకు బదిలీ చేసే 00-985 ఫారం మీద వాళ్ల సంతకం తీసుకుని కంప్ట్రోలర్ ఆఫీసుకి (రాష్ట్ర పన్నులు చూసే ఆఫీసు) క్లెయిమ్ పెట్టాలి. గడువు నాలుగేళ్లు. రెండు డాలర్లకి ఇదంతా దండగ, సోఫాలాంటి పెద్ద వస్తువైతే మాత్రం వదలకండి.

ప్రశ్న: ఆగస్టులో బట్టలకి పన్ను ఉండదట, నిజమేనా?

జవాబు: శుక్రవారం నుంచి ఆదివారం దాకా మూడు రోజులు. బట్టలు, చెప్పులు, స్కూలు బ్యాగులు ఒక్కొక్కటి 100 డాలర్ల లోపు ఉండాలి, బట్టలూ చెప్పులూ ఎన్ని కొన్నా ఫర్వాలేదు. చాలామంది బోల్తాపడేది డెలివరీ చార్జీ దగ్గర. 94 డాలర్ల ప్యాంటుకి 8 డాలర్ల డెలివరీ కలిస్తే ధర 102 అయినట్టే, అప్పుడు మొత్తం 102 మీదా 8.42 పడుతుంది. షాపుకి వెళ్లి తెచ్చుకుంటే ఏమీ పడదు. తానులో కొలిచి ఇచ్చే గుడ్డ, దారం, జిప్పులకి ఈ మినహాయింపు లేదు, కుట్టిన బట్టలే కొనండి.