నిజాంపేటలో టూ బీహెచ్‌కే కొని అద్దెకిద్దామనుకుంటున్నాం, రేపటికల్లా టోకెన్ అడ్వాన్స్ ఇమ్మంటున్నారు

ఖమ్మం_అమ్మాయి
అందరికీ నమస్తే అండీ. నేను, మావారు ఇద్దరం హైదరాబాద్‌లోనే ఉద్యోగం, కొండాపూర్‌లో 28 వేలకి అద్దెకుంటున్నాం, బాబు స్కూల్ ఇక్కడే కాబట్టి ఇంకో నాలుగైదేళ్ళు ఇల్లు మారే ఆలోచన లేదు. కానీ రేట్లు చూస్తే భయంగా ఉంది, ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేమేమో అనిపిస్తోంది. అందుకే నిజాంపేటలో ఒక రీసేల్ ఫ్లాట్ చూశాం, 1180 ఎస్ఎఫ్‌టీ, నాలుగో ఫ్లోర్, పదకొండేళ్ళ బిల్డింగ్, 78 లక్షలు చెప్తున్నారు, 22 వేలు అద్దె వస్తుందట. మా దగ్గర మొత్తం 30 లక్షలుంది, అందులో 18 నాన్న ఊళ్ళో పొలం అమ్మి ఇచ్చినవి, మిగతా 55 లోన్ వస్తుందన్నారు. పోయిన నెల మియాపూర్‌లో ఒకటి శనివారం చూసి నచ్చి ఇంటికొచ్చి మాట్లాడుకునేలోపే ఆదివారం మధ్యాహ్నానికి వేరేవాళ్ళు టోకెన్ ఇచ్చేశారు, అందుకని ఈసారి ఆలస్యం చెయ్యాలంటే భయంగా ఉంది. బ్రోకర్ రేపటికల్లా లక్ష ఇమ్మంటున్నాడు. ఇవ్వొచ్చా? నాన్న డబ్బు కాబట్టి నిద్ర పట్టట్లేదు, అనుభవం ఉన్నవాళ్ళు కొంచెం చెప్పండి.

పాత_ఓనర్
అమ్మా, ముందు లెక్క చూడు. 78కి రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం అంటేనే 5 లక్షల 85 వేలు, అది లోన్‌లో రాదు, చేతి నుంచే పెట్టుకోవాలి. 55 లోన్ పోగా కట్టాల్సింది 23, రిజిస్ట్రేషన్ కలిపితే దగ్గర దగ్గర 29, మీ 30లో మిగిలేది ఒక లక్ష, బ్రోకర్‌కీ లాయర్‌కీ బ్యాంకు చార్జీలకీ అదీ అయిపోతుంది. ఎనిమిదున్నర వడ్డీకి 20 ఏళ్ళకి 55 లక్షల మీద ఈఎంఐ 47,700 దాకా పడుతుంది. అద్దె 22 వేలు అన్నారు కానీ ఏడాదిలో ఒక నెల ఖాళీ, ఒకరు ఖాళీ చేసినప్పుడల్లా పెయింటింగ్, ప్రాపర్టీ టాక్స్, ఇవన్నీ తీసేస్తే మిగిలేది రెండు లక్షల ముప్పై వేలు అనుకో, నువ్వు పెట్టిన 84 లక్షల మీద మూడు శాతం కూడా కాదు.

ఇంకోటి ఆలోచించు, అద్దె పోగా ఈఎంఐకి ఇంకా 25,700 జేబులోంచి కట్టాలి, దాని మీద మీ కొండాపూర్ అద్దె 28, అంటే నెలకి 53,700. అదే ఇంట్లో మీరే ఉంటే 47,700తో అయిపోతుంది. బాబు స్కూల్ కోసం నెలకి ఆరు వేలు ఎక్కువ పెట్టడం నాకైతే తప్పుగా అనిపించట్లేదు, చిన్నపిల్లాణ్ణి ఆ ట్రాఫిక్‌లో తిప్పడం కంటే నయమే. నాకు భయం వేసేది చేతిలో మిగిలే ఆ ఒక్క లక్ష దగ్గరే. కనీసం ఆరు నెలల ఈఎంఐ పక్కన లేకుండా దిగకు, ఐటీలో ఎవరి ఉద్యోగం ఎప్పుడెలా ఉంటుందో చూస్తూనే ఉన్నాం కదా.

ప్రగతినగర్_లక్ష్మి
అండీ, రేటు సంగతి తర్వాత, పదకొండేళ్ళ బిల్డింగ్, నాలుగో ఫ్లోర్ అన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. నిజాంపేట కార్పొరేషన్ అయింది 2019లో, అంతకుముందు పంచాయతీ. ఆ రోజుల్లో జీ ప్లస్ టూకి పంచాయతీ పర్మిషన్ తీసుకుని పైన ఇంకో రెండు మూడు ఫ్లోర్లు లేపేసినవి ఇక్కడ చాలా ఉన్నాయి. టోకెన్ కంటే ముందు శాంక్షన్డ్ ప్లాన్ (పర్మిషన్ ఇచ్చిన ప్లాన్) కాపీ అడగండి, అందులో నాలుగో ఫ్లోర్ ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. 2015లో బీఆర్‌ఎస్‌కి (పర్మిషన్ లేని కట్టడాల్ని రెగ్యులరైజ్ చేసే స్కీమ్) అప్లై చేశాం అని రసీదు చూపిస్తారు, రసీదు ఉన్నంత మాత్రాన రెగ్యులరైజ్ అయినట్టు కాదు.

పంచాయతీది కాకుండా హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పర్మిషనే ఉందనుకోండి, అప్పుడూ ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపించే సర్టిఫికెట్) తీయండి. కట్టేముందు బిల్డర్ బిల్ట్-అప్ ఏరియాలో పది శాతం వాళ్ళకి మార్ట్‌గేజ్ పెట్టాలి, ఓసీ (కట్టడం ప్లాన్ ప్రకారమే ఉంది, ఉండొచ్చు అనే సర్టిఫికెట్) వచ్చాక విడిపిస్తారు. మేము కొనబోయింది అలాంటి మార్ట్‌గేజ్ ఫ్లాట్ అని మాకు రిజిస్ట్రేషన్ ముందురోజు రాత్రి తెలిసింది, ఈసీలో ఒకే ఒక్క లైను, మార్ట్‌గేజ్ డీడ్ అని, అప్పటికే బిల్డర్‌కి పది లక్షలు ఇచ్చి ఉన్నాం, అవి వెనక్కి రావడానికి ఏడాదిన్నర పట్టింది. మా ఆయన బీపీ మాత్రలు అప్పుడు మొదలయ్యాయి. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

దగ్గర్లో చెరువు ఉందేమో కూడా చూసుకోండి. 2016 సెప్టెంబర్ వానలకి నిజాంపేటలోనే భండారీ లేఅవుట్‌లో సెల్లార్లన్నీ మునిగి జనం రోజుల తరబడి ఇబ్బంది పడ్డారు. చెరువు ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టకూడని జాగా) అంటే అందరికీ తెలిసింది కానీ కొనేటప్పుడు ఇంకా అడగట్లేదు.

కేపీహెచ్‌బీ_అద్దెలు
నావి రెండు ఫ్లాట్లు అద్దెకున్నాయి, అద్దె సంగతి ఒకటే చెప్తా. ఇల్లు చూడ్డానికి వచ్చే ఫ్యామిలీ ముందు కిచెన్‌లోకి వెళ్ళి ట్యాప్ తిప్పుతుంది. ఆ వైపు బోర్లు ఎండాకాలం ఎండిపోతే ట్యాంకర్లే, మెయింటెనెన్స్ డబుల్ అవుతుంది, మేలో టూలెట్ బోర్డు పెడితే రెండు నెలలు వేలాడుతుంది. వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి ఏప్రిల్లో రోజుకి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో అడగండి, బ్రోకర్ లేనప్పుడు. 22 వేలు నిజమో కాదో అదే బిల్డింగ్‌లో అద్దెకున్న ఇద్దర్ని అడిగితే తెలిసిపోతుంది.

అన్నట్టు 50 లక్షలు దాటింది కాబట్టి ఓనర్‌కిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ఆదాయపు పన్ను) కట్ చేసి కట్టాల్సింది మీరే, ఓనర్ అమెరికాలో ఉంటే ఒక శాతంతో అవ్వదు, చాలా ఎక్కువ కట్ చెయ్యాలి, ముందే ఆడిటర్‌ని అడగండి.

ఖమ్మం_అమ్మాయి
అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. సాయంత్రం మావారితో వెళ్ళొచ్చాను. వాచ్‌మన్ భార్య చెప్పింది, ఏప్రిల్, మేలో రోజుకి మూడు ట్యాంకర్లు. రెండో ఫ్లోర్‌లో అద్దెకున్నవాళ్ళు 18,500 కడుతున్నారు. ప్లాన్ కాపీ అడిగితే బ్రోకర్ ముందు ఓనర్ దగ్గరుంది అన్నాడు, తర్వాత టోకెన్ ఇచ్చాక చూపిస్తాం అన్నాడు, వేరే పార్టీ రెడీగా ఉంది అని కూడా అన్నాడు. సరే వాళ్ళకే ఇవ్వండి అని వచ్చేశాం. నాన్నకి ఫోన్ చేసి చెప్తే, పొలం కొన్నప్పుడు నేను ఆర్నెల్లు తిరిగాను, మీరూ తిరగండి అన్నారు.

లక్ష్మి గారూ, ఇకనుంచి 60 లోపు చూద్దామనుకుంటున్నాం, చేతిలో ఎమర్జెన్సీకి నాలుగు లక్షలైనా ఉంచుకుని. మియాపూర్ మెట్రో దగ్గర్లో సరైన బిల్డింగ్ పర్మిషన్, ఓసీ రెండూ ఉన్న పాత అపార్ట్‌మెంట్లు మీకు తెలిసినవి ఏమైనా ఉంటే చెప్తారా?

ప్రగతినగర్_లక్ష్మి
ఉన్నాయండీ, మా ఆడపడుచు వాళ్ళది అటే. ఆదివారం పొద్దున రండి, నేనూ వస్తాను, ప్లాన్ కాపీ చూపించాకే ఫ్లాట్ చూద్దాం.