లేని పాదంలో నొప్పి: జవాన్లకు అద్దం చికిత్స ఎలా చేయించాలి?

ఫిజియో_విజయనగరం
మందుపాతర పేలి మోకాలి కింద కాలు పోయిన జవాన్లకు ఫాంటమ్ నొప్పి (పోయిన కాలిలోనే ఉన్నట్టు అనిపించే నొప్పి) కోసం అద్దం చికిత్స మొదలుపెడుతున్నాం, అంటే మంచి కాలి ప్రతిబింబం లేని కాలి చోట కనిపించేలా అద్దం పెట్టి కదిపించడం. అద్దం ఎంతుండాలి, రోజూ ఎంతసేపు, ఎన్నాళ్లు? కొందరికి అస్సలు గుణం కనిపించదంటారు, ఎందుకని?

నరాల_ఫిజియో
రోజుకు 15 నిమిషాలు, 4 వారాలు. ఈ లెక్క అమెరికా సైన్యపు వాల్టర్ రీడ్ ఆసుపత్రి 2007లో ప్రచురించిన ట్రయల్‌ది. అద్దం చూసిన ఆరుగురికీ నొప్పి తగ్గింది. గుడ్డ కప్పిన అద్దంతో చేసినవాళ్లలో ఒక్కరికే తగ్గింది. కళ్లు మూసుకుని లేని కాలు కదుపుతున్నట్టు ఊరికే ఊహించుకోమన్న ఆరుగురిలో నలుగురికి పెరిగింది! చిన్న ట్రయలే, కానీ "అద్దం లేకపోతే కళ్లు మూసుకుని చెయ్యి" అని మాత్రం ఇంటికి పంపకండి.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు చాలు. గాజుకన్నా యాక్రిలిక్ మేలు, కాకపోతే పల్చటి షీటు వంగి పాదం వంకరగా కనిపిస్తుంది, వెనక ప్లైవుడ్ అతికించండి. మంచం మీద కాళ్లు చాపించి, అద్దాన్ని రెండు కాళ్ల మధ్య నిలబెట్టండి, మెరిసే వైపు మంచి కాలికి. స్టంప్ (కాలు పోయాక మిగిలిన మొండి భాగం) కొంచెం కనిపించినా పని చెడుతుంది. సాక్సు, కాలికి కట్టిన నల్లతాడు తీయించండి. పాదం పైకీ కిందికీ, వేళ్లు ముడవడం, విప్పడం, అన్నీ నెమ్మదిగా. లేని పాదాన్నీ అదే వేగంతో కదపబోవాలి.

కాళ్ల_వర్క్‌షాప్
గుణం లేదంటే ముందు అది ఫాంటమ్ నొప్పేనా చూడండి. స్టంప్‌ను వేలితో తట్టండి, ఒకేచోట షాక్ కొట్టినట్టు జివ్వుమంటే న్యూరోమా (తెగిన నరం చివర కట్టిన గడ్డ) అయ్యుండొచ్చు. పేలుడు గాయాల్లో కండలో ఎముక పెరగడం మామూలే, అమెరికా సైనికుల మీద చేసిన ఒక పరిశీలనలో 63 శాతం స్టంపుల్లో కనిపించింది. ఎక్స్‌రే తీయించండి. కృత్రిమ కాలు తొడిగినప్పుడే, అదీ సాయంత్రాలే నొప్పంటే సాకెట్ (స్టంప్ దూర్చే గిన్నెలాంటి భాగం) వదులైందని అనుమానించాలి. స్టంప్ పగలంతా కుంచించుకుపోయి లోతుకు దిగుతుంది, మోకాలిచిప్ప కింది అంచు ఎర్రబడుతుంది. మధ్యాహ్నం స్టంప్‌కు ఒక ప్లై (ఒక పొర మందం) సాక్సు అదనంగా వేసి చూడండి.

ఫిజియో_విజయనగరం
రెండు కాళ్లూ పోయినవాళ్లకు?

నరాల_ఫిజియో
అద్దం కుదరదు కదండీ. ఎదురుగా మరొకరు కూర్చుని పాదాలు కదిపితే, చూస్తూ తనవీ అలాగే కదపబోవాలి. ఇదీ వాల్టర్ రీడ్‌లో పరీక్షించిందే, నొప్పి తగ్గింది. ఎవరికైనా మొదటి రోజుల్లో అద్దంలో కాలు కనబడగానే దుఃఖం పొంగుకొస్తుంది, కొందరికి తల తిరుగుతుంది. అప్పుడు ఆపేసి, మర్నాడు 5 నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టండి.