కండిషనల్ బిట్టు: కీలో ‘వుడ్ బి’ ఎలా వచ్చింది?

కృష్ణలంక
పొద్దుట్నుంచీ ఈ ఒక్క బిట్టు దగ్గరే ఆగిపోయాను, తల వాచిపోయింది. ‘ఇఫ్ హి హాడ్ టేకెన్ ద మెడిసిన్, హి డాష్ ఫైన్’. ఆప్షన్లు: విల్ బి, వుడ్ బి, వుడ్ హావ్ బీన్, హాడ్ బీన్. ఇఫ్ వైపు హాడ్ ప్లస్ వి3 (టేకెన్ లాంటి క్రియ మూడో రూపం) ఉంటే రెండో వైపు వుడ్ హావ్ ప్లస్ వి3 రావాలి, అంతే కదా? కీలో మాత్రం వుడ్ బి అని ఉంది. వివరణ ఒక్క ముక్క లేదు. కీ తప్పేనని ఎవరైనా కన్ఫర్మ్ చేయండి ప్లీజ్.

టైర్ టూ
వుడ్ హావ్ బీన్. కీ తప్పు.

నల్లబల్ల
వాక్యం మొత్తం పెట్టు. ఏ పరీక్షో కూడా చెప్పు.

డాలస్
ఎంబీఏ ఎంట్రన్స్ జీమ్యాట్ కోసమైతే ముందు ఇఫ్, వెదర్ తేడా పట్టుకోండి. ‘ఐ డోంట్ నో ఇఫ్ హి కమ్స్’ లాంటివి సెంటెన్స్ కరెక్షన్‌లో బాగా ఇస్తారు, అక్కడ వెదర్ పెట్టాలి.

నల్లబల్ల
2023 నవంబర్‌లో వచ్చిన జీమ్యాట్ ఫోకస్ ఎడిషన్‌లో సెంటెన్స్ కరెక్షనే తీసేశారు.

అశోక్‌నగర్ రీడింగ్ రూమ్
కండిషనల్స్‌లో అసలు మార్కులు పోయేది ఇఫ్ లేని వాక్యాల దగ్గర. హాడ్, షుడ్, వర్ ఈ మూడూ వాక్యం మొదట్లోకి వస్తే ఇఫ్ ఎగిరిపోతుంది. ‘ఇఫ్ హాడ్ హి వర్క్‌డ్’ అని ఇస్తే అక్కడే ఎర్రర్, ఇంకేమీ చూడక్కర్లేదు. ‘షుడ్ హి కమ్స్’ తప్పు, షుడ్ తర్వాత వి1 (క్రియ మొదటి రూపం) కాబట్టి కమ్ రావాలి. నెగెటివ్‌లో ‘హాడ్ హి నాట్ కమ్’ అనాలి, ‘హాడంట్ హి కమ్’ అని కలిపేయకూడదు. అలాగే అన్‌లెస్ ఉన్న ముక్కలో మళ్లీ నాట్ కనిపిస్తే కళ్లు మూసుకుని ఎర్రర్ పెట్టేయొచ్చు. తమ్ముడూ, ముందు ఇవి రాయి, నీ బిట్టు దానంతటదే వస్తుంది.

కృష్ణలంక
అన్నా, నా బిట్టులో ఇఫ్ ఉంది కదా! ఇన్వర్షన్ నాకు తెలుసు. పరీక్ష అంటే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ అండి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలది, వేరే ఏముంటుంది. ఇది మాక్ టెస్టులోది. వాక్యం దాదాపు మొత్తం పెట్టాను, చివర ‘నౌ’ ఒక్కటే టైప్ చేయలేదు.

నల్లబల్ల
ఆ నౌ మీదే బిట్టంతా నడుస్తోంది. కీ కరెక్టు.

ఇఫ్ ముక్కనీ, రెండో ముక్కనీ విడదీసి దేనికది టైమ్ చూడు. మందు వేసుకోకపోవడం అయిపోయిన సంగతి, కాబట్టి హాడ్ టేకెన్. బాగుండటం ఇప్పటి సంగతి, కాబట్టి వుడ్ బి. చివర నౌ బదులు ‘యెస్టర్‌డే ఈవెనింగ్’ ఉంటే ఫలితం కూడా గతమే, అప్పుడు నువ్వన్న వుడ్ హావ్ బీన్ వస్తుంది. దీన్నే మిక్స్‌డ్ కండిషనల్ అంటారు. తిరగేసి కూడా ఇస్తారు: ‘ఇఫ్ హి వర్ హానెస్ట్, హి వుడ్ నాట్ హావ్ టేకెన్ ద బ్రైబ్’. నిజాయితీ మనిషికి ఎప్పుడూ ఉండే గుణం కాబట్టి వర్, లంచం తీసుకోవడం అయిపోయింది కాబట్టి వుడ్ నాట్ హావ్ టేకెన్.

వాక్యంలో నౌ, టుడే, స్టిల్, ఎట్ ద మొమెంట్ వెతుకు. ఒక్క ‘బై నౌ’ దగ్గర జాగ్రత్త. ‘ఇఫ్ షి హాడ్ లెఫ్ట్ ఎట్ సిక్స్, షి వుడ్ హావ్ రీచ్‌డ్ బై నౌ’. ఇక్కడ నౌ ఉంది కదా అని వుడ్ రీచ్ పెడితే పోయినట్టే. చేరడం ఈపాటికి పూర్తయిపోవాల్సిన పని.

టైర్ టూ
నౌ ఉంటే సరే. సీజీఎల్ రెండో దశ టైర్ 2లో ఇంగ్లీష్ ఒక్కో బిట్టు 3 మార్కులు, తప్పు పెడితే 1 పోతుంది. ప్రశ్న పెట్టేటప్పుడు పూర్తిగా పెట్టండి.

వ్యాకరణ ప్రియ
ఇక్కడ మనవాళ్లు తడబడటానికి కారణం తెలుగులోనే ఉంది. ‘మందు వేసుకుని ఉంటే బాగుండేవాడు’ అంటాం. నిన్న బాగుండేవాడా, ఇవాళ బాగుండేవాడా? రెండింటికీ ‘బాగుండేవాడు’ ఒక్కటే రూపం. ‘ఉంటే’ చేదర్థకం, అంటే షరతు చెప్పే అసమాపక క్రియ. కాలం చెప్పడం దాని పని కాదు. ఇంగ్లీషు మాత్రం వుడ్ బి, వుడ్ హావ్ బీన్ అని చీలుస్తుంది. అందుకే వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకుంటే ఆ తేడా మాయమైపోతుంది. ‘ఇప్పుడు’, ‘అప్పుడు’, ‘ఈపాటికి’ అనే మాటల్లో ఏదో ఒకటి కలిపి తెలుగు చేసుకోండి. ‘ఈపాటికి చేరి ఉండేది’ అన్నచోట చక్కగా వుడ్ హావ్ పలుకుతుంది.

ఇంకొకటి. నల్లబల్ల గారు చెప్పిన ‘ఇఫ్ హి వర్’లోని వర్‌ని, అంటే నిజం కానిదాన్ని ఊహించి చెప్పే ఈ రూపాన్ని, సబ్జంక్టివ్ అంటారు. ఆ పేరుతో నేర్చుకోకపోతే విష్ తర్వాత, యాజ్ ఇఫ్ తర్వాత వచ్చే వర్ అర్థం కాదు.

నల్లబల్ల
మేడం, సబ్జంక్టివ్ అనే పేరు ‘ఐ సజెస్ట్ దట్ హి గో’ లాంటివాటికి ఉంచి, ఈ వర్‌ని ఇర్రియాలిస్ అనే వ్యాకర్తలు ఉన్నారు. పరీక్షలో పేరు అడగరు.

వ్యాకరణ ప్రియ
పేరు అడగరు సరే. రెండూ వేరని తెలియకపోతే ‘సజెస్ట్ దట్ హి వర్’ అని పెట్టి వచ్చే పిల్లలున్నారు. పేరు అందుకే కావాలంటున్నాను.

అశోక్‌నగర్ రీడింగ్ రూమ్
ఏ పేరైనా పెట్టుకోండి. ‘ఇఫ్ ఐ వాజ్ యు’ అని ఎర్రర్ బిట్టులో వస్తే వాజ్ కిందే గీత గీయాలి. మాట్లాడేటప్పుడు వాజ్ అంటారు, ఆప్షన్లలో మాత్రం వర్ ఉంటే వర్ పెట్టడమే క్షేమం.

పైన డాలస్ గారు చెప్పింది మాత్రం సీజీఎల్ వాళ్లు యథాతథంగా తీసుకోవద్దు. ‘ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్’ తప్పు కాదు. అక్కడ ఇఫ్ షరతు కాదు, వస్తాడో రాడో అనే సందేహం. ఇఫ్ పక్కన విల్ రాకూడదన్న రూలు షరతుకే. ఇది తెలియక నో ఎర్రర్ బిట్టులో విల్‌ని కొట్టేసి మార్కు పోగొట్టుకుంటున్నారు. ఇఫ్ ముందు నో (తెలియడం), ఆస్క్, వండర్ లాంటి క్రియలు ఉన్నాయా అని చూసుకోండి.

డాలస్
నేను పరీక్షలో ఏది ఎక్కువ క్షేమమో చెప్పాను.

కృష్ణలంక
ఓకే అర్థమైంది, వుడ్ బి. థ్యాంక్స్ అందరికీ.

కాకినాడ పోర్ట్
మరి ‘ఇఫ్ యు విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ హిమ్’ అని రిక్వెస్టుగా ఇస్తే? అది షరతే కదా, అయినా కరెక్టు అంటున్నారు. సీజీఎల్ పాత పేపర్లలో ఎవరైనా చూశారా?