జూనియర్ న్యాయవాదిగా, కంపెనీ లీగల్ ఉద్యోగిగా చేసిన అనుభవానికి కెనడా ఎన్‌ఓసీ (జాతీయ వృత్తుల వర్గీకరణ) కోడ్ ఏది?

ప్రశ్న

నమస్కారం. కెనడా శాశ్వత నివాసం కోసం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ మార్గంలో ప్రొఫైల్ పెట్టుకోవడానికి సిద్ధమవుతున్నాను. భాషా పరీక్ష, చదువు మూల్యాంకనం పూర్తయ్యాయి. ఎనిమిదేళ్ల నా అనుభవాన్ని ఏ వృత్తి కోడ్ కింద చూపాలన్న దగ్గర మాత్రం ఆగిపోయాను.

ఎల్‌ఎల్‌బీ తరువాత బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, మొదటి మూడేళ్లు ఒక సీనియర్ న్యాయవాది వద్ద జూనియర్‌గా పనిచేశాను. సివిల్ దావాల ముసాయిదాలు రాయడం, వాయిదాలకు హాజరు కావడం, మధ్యంతర దరఖాస్తులపై వాదించడం, సాక్షుల అఫిడవిట్లు తయారు చేయడం నా పని. మొదటి ఎనిమిది నెలలు నాకు డబ్బేమీ ఇవ్వలేదు; ఆ తరువాత నెలనెలా కొంత మొత్తం, చాలావరకు నగదుగా, ఇచ్చేవారు. ఆపైన మూడున్నరేళ్లు ఒక తయారీ సంస్థలో ‘లీగల్ ఎగ్జిక్యూటివ్’ ఉద్యోగం చేశాను. పూర్తికాలం జీతానికి పనిచేసేవారు ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నియమం చెబుతుంది కనుక, చేరేటప్పుడే నా సనదును (న్యాయవాద అనుమతిని) సస్పెన్షన్‌లో పెట్టించుకున్నాను. అక్కడ ఒప్పందాలు రాశాను, అవతలి పక్షంతో నిబంధనలపై చర్చలు జరిపాను, యాజమాన్యానికి న్యాయసలహా రాసిచ్చాను, కోర్టు కేసులను బయటి న్యాయవాదులకు అప్పగించి నడిపించాను. గత ఏడాదిన్నరగా విదేశీ న్యాయసంస్థల కోసం పత్రాలు పరిశీలించే సంస్థలో ఉన్నాను.

ఒక సలహాదారు అన్నింటికీ 41101, అంటే ‘న్యాయవాదులు, క్యూబెక్ నోటరీలు’ అనే కోడే పెట్టమన్నారు. మరొకరు కెనడా లైసెన్సు లేనివారు ఆ కోడ్ పెడితే తప్పుడు సమాచారం ఇచ్చినట్టేనని, అన్నింటికీ పారాలీగల్ (న్యాయవాదుల సహాయకులు) కోడ్ 42200 పెట్టమని చెప్పారు. సనదు సస్పెన్షన్‌లో ఉన్న కాలాన్ని న్యాయవాది అనుభవం అనవచ్చా? ఈ దశ దాటినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

మీరు అడిగిన ఇద్దరూ మూడు ఉద్యోగాలను ఒకే గాటన కట్టారు, చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రతి ఉద్యోగానికీ దాని కోడ్ దానికే ఉంటుంది. వేర్వేరు కోడ్‌లు పెట్టడం వల్ల అనుభవం తగ్గిపోదు.

ముందుగా లైసెన్సు సంగతి. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్‌కు ఆధారం కెనడా వలస నిబంధనలలోని 75వ నిబంధన. దరఖాస్తుకు ముందరి పదేళ్లలో కనీసం ఒక ఏడాది ఎడతెగని పూర్తికాల అనుభవం, లేదా అంతకు సమానమైన పాక్షికకాల అనుభవం ఉండాలని, ఆ కాలంలో ఆ వృత్తి వివరణ మొదట్లో ఇచ్చిన పరిచయ వాక్యంలోని పనులు చేసి ఉండాలని, కింద ఇచ్చిన ప్రధాన విధుల్లో గణనీయమైన భాగాన్ని, అనివార్యమైన వాటినన్నింటినీ నిర్వర్తించి ఉండాలని అది అడుగుతుంది. కెనడాలో బార్ పరీక్ష, ఆర్టిక్లింగ్ (న్యాయవాది వద్ద శిక్షణ), ప్రావిన్సు లైసెన్సు వంటివి అదే వివరణలో ‘ఉద్యోగార్హతలు’ అనే వేరే భాగంలో ఉంటాయి, వాటిని 75వ నిబంధన అడగదు. కెనడాలో న్యాయవాదిగా పనిచేయాలంటే అవి తప్పనిసరి; మీరు మీ దేశంలో ఇప్పటికే చేసిన పనికి కోడ్ నిర్ణయించడానికి అవి కొలమానం కావు. కాబట్టి మీ రెండవ సలహాదారు చెప్పినది సరికాదు. అయితే కెనడాలో అడుగుపెట్టాక లైసెన్సు రాకముందే న్యాయవాదినని చెప్పుకుంటే మాత్రం అది అక్కడి చట్టం ప్రకారం తప్పవుతుంది.

ఇక మీ కంపెనీ ఉద్యోగం. 41101 వివరణలో న్యాయవాదులు న్యాయసంస్థలలోనే కాక ప్రభుత్వ శాఖలలోనూ వ్యాపార సంస్థలలోనూ పనిచేస్తారని స్పష్టంగా ఉంది. అందులోని ప్రధాన విధులు చూడండి: న్యాయపరమైన హక్కులపై సలహా ఇవ్వడం, పూర్వపు తీర్పులను పరిశోధించి సాక్ష్యాధారాలు సేకరించడం, కోర్టులలో, ట్రిబ్యునళ్లలో వాదించడం, ఒప్పందాల వంటి న్యాయపత్రాలు రాయడం, న్యాయాభిప్రాయాలు తయారు చేయడం, సివిల్ వివాదాల్లో రాజీకి చర్చలు జరపడం. వీటిలో వాదించడం ఒక్కటే మీ ఉద్యోగంలో లేదు. సలహా, ముసాయిదా, చర్చలు మీ సొంత బాధ్యతగా జరిగి ఉంటే, మీ హోదా పేరు ‘ఎగ్జిక్యూటివ్’ అయినా 41101 సమంజసమే. పారాలీగల్ వివరణ మొదలయ్యేదే న్యాయవాదులకు సహాయపడే పనితో, అంటే సాక్షులతో మాట్లాడి వివరాలు రాబట్టడం, పత్రాలు సమకూర్చడం, విచారణకు సిద్ధం చేయడం, రికార్డులు వెతకడం వంటివాటితో. మీ ముసాయిదాలను మీ పైనున్న లీగల్ మేనేజరు దిద్ది సంతకం పెట్టేవారైతే, సలహా ఆయన పేరుతోనే వెళ్లేదైతే, నేను 42200 పెట్టమనే చెబుతాను. ఈ సంగతి మీకు తప్ప మరెవరికీ తెలియదు కనుక నిదానంగా గుర్తు చేసుకుని నిర్ణయించుకోండి.

పత్రాల పరిశీలన ఉద్యోగం గురించి నాకు సందేహమే లేదు. విదేశీ న్యాయవాదుల సూచనల మేరకు పత్రాలను వర్గీకరించి, సంబంధమున్నవాటిని గుర్తించే పని 42200 కిందికే వస్తుంది. మీకు న్యాయవాద పట్టా ఉన్నంత మాత్రాన ఆ పని న్యాయవాది పనిగా మారదు.

చాలామందికి తెలియని విషయం మరొకటి చెప్పాలి. 2022 నవంబరు 16 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కొత్త ఎన్‌ఓసీ 2021ను వాడుతోంది. అందులో వృత్తులను కావలసిన చదువు, శిక్షణలను బట్టి ‘టీర్’ స్థాయిలుగా విభజించారు: న్యాయవాది టీర్ 1, పారాలీగల్ టీర్ 2, లీగల్ అడ్మినిస్ట్రేటివ్ అసిస్టెంట్ టీర్ 3. టీర్ 0 నుంచి 3 వరకు ఏ స్థాయిలోని విదేశీ అనుభవానికైనా పాయింట్లు ఒక్కటే. కాబట్టి పెద్ద హోదా కోడ్ పెడితే అనుభవానికి ఎక్కువ పాయింట్లు వస్తాయన్న ఆశతో ఎవరూ 41101 వైపు మొగ్గనవసరం లేదు. రుజువు చేయలేని కోడ్ పెడితే మాత్రం దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. ముఖ్యమైన విషయంలో తప్పు సమాచారం ఇచ్చారని తేలితే వలస చట్టం 40వ సెక్షన్ కింద ఐదేళ్ల నిషేధం పడుతుంది.

రెండవ జవాబు

నేనూ జూనియర్‌గా మొదలై ఇదే దారిలో వచ్చినవాడిని కనుక మీ మొదటి మూడేళ్ల గురించి మాత్రమే చెబుతాను.

జీతం లేని ఎనిమిది నెలలను లెక్కలోంచి తీసేయండి. వలస నిబంధనలలో ‘పని’ అంటే వేతనం గానీ కమిషన్ గానీ పొందిన పని మాత్రమే. మన వృత్తిలో కొత్తగా చేరినవారు ఉచితంగా పనిచేయడం మామూలే అయినా, ఎంత కష్టపడి చేసినా అది అక్కడ అనుభవంగా చెల్లదు. ఇది బాధ కలిగించే విషయమే. నాకూ అలాగే ఒక ఏడాది పోయింది.

మిగిలిన రెండేళ్ల నాలుగు నెలల్లో మీరు వాదించారు, వకాల్తాలు వేశారు కనుక కోడ్ 41101 అనడంలో ఇబ్బంది లేదు. ఇబ్బందంతా రుజువుతోనే. మీ సీనియర్ ఇచ్చే పత్రంలో మిమ్మల్ని ఉద్యోగిగా రాస్తే లెటర్‌హెడ్, సంతకం, విధులు, తేదీలు, వారానికి గంటలు, ఏడాదికి ఇచ్చిన మొత్తం అన్నీ ఉండాలి. ఆయన దగ్గర ఉంటూనే సొంత కక్షిదారులతో ఫీజు తీసుకుని ఉంటే, ఆ భాగం స్వయం ఉపాధి అవుతుంది. స్వయం ఉపాధికి మీ విధులను మీరే రాసుకున్న ప్రకటన గానీ అఫిడవిట్ గానీ చెల్లవు. ఆదాయపు రుజువు, మీరు ఏ సేవ చేశారో ఎంత తీసుకున్నారో తెలిపే మూడవ వ్యక్తుల పత్రాలు అడుగుతారు. ఆదాయపు పన్ను రిటర్నుల్లో ఆ రాబడి చూపించారా, ఎవరైనా వృత్తి ఫీజులపై 194జె సెక్షన్ కింద పన్ను మినహాయించారా అన్నవి ముందు చూసుకోండి. మీ హాజరు నమోదైన కోర్టు ఉత్తర్వుల నకళ్లు, మీ పేరున్న వకాల్తాలు తోడుగా పనికొస్తాయి. అవే పూర్తి రుజువు కావు.

నా మొదటి దరఖాస్తు తిరస్కరణకు కారణం ఈ పత్రమే. మా సీనియర్ సంతకం చేసిన పత్రంలో విధులను నేనే రాశాను, అదీ ఎన్‌ఓసీ వాక్యాలను దాదాపు అక్షరం మార్చకుండా దించాను. ఆ విధులు నేను నిజంగా చేశానని నమ్మడానికి ఆధారం లేదని అధికారి రాశారు. అబద్ధం ఒక్కటి లేకపోయినా నా మాట నిలబడలేదు. రెండవసారి ‘విభజన దావాలలో ప్లెయింట్లు రాయడం, ఇంజంక్షన్ దరఖాస్తులపై వాదించడం’ అంటూ నా పనిని నా పని భాషలో రాయించాను.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఇద్దరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. కంపెనీలో ఒప్పందాలపై నా సలహా నేరుగా యాజమాన్యానికే వెళ్లేది, దిద్దేవారు ఉండేవారు కారు. కాబట్టి దానికి 41101, ఇప్పటి ఉద్యోగానికి 42200 పెడతాను. జూనియర్ కాలానికి సీనియర్ గారు పత్రం ఇస్తానన్నారు గానీ, నగదుకు లెక్కలు లేవు, ఆ ఏళ్ల రిటర్నులూ నేను వేయలేదు. ఆ కాలాన్ని వదిలేస్తే నష్టమెంత? పాత కంపెనీ హెచ్‌ఆర్ వారు హోదా, తేదీలు తప్ప విధులు రాయబోమంటున్నారు. దీనికి దారి ఏమిటి? వీలైతే ఆస్ట్రేలియా సంగతి కూడా చెప్పండి.

మూడవ జవాబు

నష్టం మీరు భయపడుతున్నంత లేదు. ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ అర్హతకు కావలసిన 67 పాయింట్ల పట్టికలో అనుభవానికి ఆరేళ్లు, ఆపైన ఉంటే 15, నాలుగైదేళ్లకు 13 పాయింట్లు. జూనియర్ కాలం పోయినా మీకు ఐదేళ్లు మిగులుతాయి కనుక తగ్గేది రెండు పాయింట్లు. ప్రొఫైల్ పెట్టినవారి పూల్‌లో ర్యాంకు ఇచ్చే సీఆర్‌ఎస్ పాయింట్ల పద్ధతిలో విదేశీ అనుభవానికి మూడేళ్లతోనే గరిష్ఠ స్థాయి వస్తుంది. దాన్ని మీ కంపెనీ ఉద్యోగం ఒక్కటే అందుకుంటుంది, ఎడతెగని ఏడాది నిబంధననూ అదే తీరుస్తుంది. కాబట్టి దాన్నే ప్రధాన వృత్తిగా చూపండి. రెండు పాయింట్ల కోసం బలహీనమైన పత్రాన్ని దరఖాస్తులో చేర్చి, బలంగా ఉన్న మిగతా పత్రాలపై కూడా అధికారికి అనుమానం కలిగించడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. అయితే పాయింట్లు అడగకపోయినా ఆ మూడేళ్లలో ఏం చేశారో వ్యక్తిగత చరిత్ర భాగంలో ఖాళీ లేకుండా రాయాలి. అనుభవంగా చూపకపోవడంలో తప్పు లేదు, దాచడం మాత్రం తప్పే.

హెచ్‌ఆర్ విషయానికి వస్తే, వారిచ్చే పత్రాన్ని వారిచ్చినట్టే తీసుకోండి. దానికి తోడుగా, మీ పనిని నేరుగా చూసిన అప్పటి పై అధికారి నుంచి, ఆయన ఇప్పుడు వేరే చోట ఉన్నా సరే, విధుల వివరాలతో సంతకం చేసిన పత్రం తీసుకోండి. నియామక పత్రం, జీతపు చీటీలు, ఫారం 16, పనితీరు సమీక్షలు జతచేసి, కంపెనీ విధులు రాయడానికి ఎందుకు నిరాకరించిందో ఒక పేజీలో వివరించండి. మీకు నిరాకరణ తెలిపిన ఈమెయిల్ కూడా పెట్టండి. మీరు రాసిన న్యాయాభిప్రాయాలను, ఒప్పందాలను మాత్రం పని నమూనాలుగా పంపవద్దు. కంపెనీ రహస్యాలను కాపాడే బాధ్యత ఉద్యోగం మానేసినంత మాత్రాన తీరిపోదు. ఆహ్వానం వచ్చాక పూర్తి దరఖాస్తుకు ఉండేది 60 రోజులే కనుక ఇవన్నీ ప్రొఫైల్ పెట్టకముందే చేతికి రావాలి.

ఆస్ట్రేలియాలో లెక్క పూర్తిగా వేరు. సొలిసిటర్, బారిస్టర్ వృత్తులకు నైపుణ్య మూల్యాంకనం చేసేది అక్కడి రాష్ట్ర న్యాయ ప్రవేశ సంస్థలే. ఆ దేశంలో న్యాయవాదిగా ప్రవేశం పొందితేనే ఆ మూల్యాంకనం పూర్తవుతుంది. కెనడాలో అడగని లైసెన్సు అక్కడ మొదటి మెట్టు.

మొదటి జవాబు రాసిన వ్యక్తి

ఒక్క మాట చేరుస్తాను. మీరు చేయించుకున్న చదువు మూల్యాంకనం వలస కోసం మాత్రమే. కెనడాలో మళ్లీ న్యాయవాది కావాలనుకుంటే జాతీయ అక్రిడిటేషన్ కమిటీ, అంటే ఎన్‌సీఏ, మీ ఎల్‌ఎల్‌బీని విడిగా పరిశీలించి రాయవలసిన పరీక్షలు నిర్ణయిస్తుంది. కెనడా రాజ్యాంగ చట్టం, పరిపాలనా చట్టం, క్రిమినల్ చట్టం, కెనడా న్యాయ మూలాలు, వృత్తి బాధ్యత అనే ఐదు సబ్జెక్టులు అందులో ముఖ్యమైనవి. కెనడాకు చేరకముందే ఆ పరిశీలనకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇప్పుడు సనదు ఉన్న స్థితి గురించి బార్ కౌన్సిల్ ఇచ్చే ధ్రువీకరణ పత్రం అప్పుడు అవసరం పడుతుంది. హెచ్‌ఆర్ పత్రాల కోసం తిరిగేటప్పుడే దానికీ దరఖాస్తు పెట్టుకోండి.