ముఠా, కుట్ర, పితూరీ: దొంగలూ రాజులూ కలిసే నవలకు మాటలు

ప్రశ్న: ఊహాలోకపు నవల. రేవుపట్నంలో దొంగల ముఠా, కోటలో వారసత్వపు ఎత్తులు, చివరికి రెండూ కలుస్తాయి. అన్నిచోట్లా ముఠా, కుట్ర, దోపిడీ అన్న మూడు మాటలే దొర్లుతున్నాయి. వీటి మధ్య తేడాలేమిటి? బదులుగా ఏం వాడవచ్చు?

జవాబు: ముందు తలకాయలు లెక్కపెట్టండి. మంత్రి ఒక్కడే గదిలో కూర్చుని ఆలోచిస్తే అది ఎత్తు, పన్నాగం, కుయుక్తి. ఇంకొకరు సరేనన్నాకే కుట్ర. పాత శిక్షాస్మృతి 120-ఏ సెక్షను కూడా కుట్రకు కనీసం ఇద్దరుండాలంది. బందిపోటుకైతే 391వ సెక్షను ప్రకారం అయిదుగురు. నలుగురే ఉంటే దోపిడీతో సరి. మీ లోకానికి ఈ చట్టం వర్తించదు గానీ పదాల బరువు తూచడానికి పనికొస్తుంది.

క్రియలూ చూసుకోండి. కుట్ర పన్నుతారు, అది బయటపడుతుంది, బెడిసికొడుతుంది. ఎత్తు వేస్తారు, పాచిక పారుతుంది. ‘కుట్ర చేశాడు’ తప్పు కాదు, చప్పగా ఉంటుంది, అంతే.

అసలు చిక్కు దోపిడీతో. రాత్రివేళ ఖజానా గోడ తొలిచి కిరీటం ఎత్తుకుపోవడాన్ని దోపిడీ అన్నారంటే, కాపలావాళ్లను కత్తి చూపి బెదిరించినట్టు అర్థమొస్తుంది. గోడ తొలిస్తే అది కన్నం వేయడం, వాడు కన్నపుదొంగ. పట్టపగలు బలంతో ఊడ్చుకుపోతే కొల్లగొట్టడం. సింహాసనానికీ ఇదే తేడా: బాలరాజుకు సంరక్షకుడిగా చేరి ముద్రనీ ఖజానానీ సేననీ ఒక్కొక్కటిగా చేతికి తెచ్చుకున్నవాడు రాజ్యం కాజేశాడు. సేనతో వచ్చి గద్దెనెక్కినవాడు ఆక్రమించాడు. ‘కాజేయడం’ చిన్న దొంగతనాలకు వాడే మాట కాబట్టే రాజుల విషయంలో వెటకారం పండుతుంది.

మరో జవాబు: ముఠా నేరగాళ్ల సొత్తేం కాదు. సరుకు మోసేవాళ్లూ ముఠా కూలీలే. మన్యంలో ముఠా అంటే కొన్ని ఊళ్ల కూడిక. దాని మీద శిస్తు వసూలు చేసే పెద్ద ముఠాదారు. 1879 రంప తిరుగుబాటులో ముఠాదార్లు ఉన్నారు. మీ రేవును వీధులవారీగా పంచుకుని వసూళ్లు చేసే దొంగల పెద్దకు ‘ముఠాదారు’ అన్న పదవి పెట్టి చూడండి. సగం దొర, సగం దొంగ. ‘దొంగల సంఘం’ మాత్రం వద్దు, సభ్యత్వ రుసుం రసీదు గుర్తొస్తుంది.

ఆ తిరుగుబాటునీ, 1922-24 నాటి అల్లూరి పోరాటాన్నీ అప్పట్లో పితూరీ అన్నారు. ఇప్పుడు పితూరీ అంటే చాడీ, ఫిర్యాదు. ‘కొండల నుంచి పితూరీ వచ్చింది’ అని వేగులవాడు చెబితే రాజు ఫిర్యాదు అనుకుని తీరిగ్గా వినడం, అవతల కోట ముట్టడిలో పడటం: ఒక ఘట్టమంతా ఈ మాట మీద నడపవచ్చు. కాకపోతే తిరుగుబాటు అన్న అర్థాన్ని అంతకుముందే ఎక్కడో చదువరి చెవిన వెయ్యాలి. లేదంటే చమత్కారం ఎవరికీ అందదు.

ఇంకొకటి. దొంగకు పర్యాయంగా కులాల, తెగల పేర్లు వాడే పాత అలవాటు నవల్లోకి రానివ్వకండి. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేస్తూ 1871లో మొదలైన చట్టం 1952లో రద్దయింది. భాషలో మాత్రం ఇంకా వేలాడుతోంది.

మరో జవాబు: దొంగా రాజద్రోహీ ఒకడే అయిన పాత్ర కావాలంటే సంస్కృత నాటకం మృచ్ఛకటికంలో శర్విలకుణ్ణి చూడండి. మూడో అంకంలో జంధ్యాన్నే కొలతతాడుగా వాడి గోడకు కన్నం వేస్తాడు. ఆ రంధ్రం ఏ ఆకారంలో ఉండాలో కూడా తర్కించుకుంటాడు. నాలుగో అంకంలో, మిత్రుడు ఆర్యకుణ్ణి పాలకుడు అనే పేరుగల రాజు చెరలో వేశాడని తెలిసి విడిపించడానికి బయల్దేరతాడు. ఎవరెవరిని రెచ్చగొడతాడో ఒక్క శ్లోకంలో చెబుతాడు: జ్ఞాతులు, విటులు, భుజబలంతో పేరు తెచ్చుకున్నవారు, ‘రాజాపమానకుపితులు’ అయిన రాజసేవకులు.

ప్రశ్న అడిగినవారు: ‘రాజాపమానకుపితులు’ అంటే రాజును అవమానించినందుకు కోపగించినవారనా?

జవాబు: కాదు, రాజు చేసిన అవమానానికి మండిపడుతున్నవారు. ఈ సమాసాన్ని తెలుగులో ఉన్నదున్నట్టు వదిలితే మీకు తోచినట్టే తిరగబడుతుంది. ‘కొలువులో తలవంపులు పడ్డవాళ్లు’ అంటే సరిపోతుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం లొంగదీయదగినవాళ్లను క్రుద్ధులు, లుబ్ధులు, భీతులు, మానులు అని నాలుగు వర్గాలు చేసింది. వీళ్లు మొదటి వర్గం. మీ నవలలో ముఠావైపు తిరిగే ప్రతి కోట మనిషి ఏ వర్గమో తేల్చుకుంటే క్రియ దానంతటదే దొరుకుతుంది: కోపిష్టిని ఎగదోస్తారు, లోభికి ఆశ చూపుతారు, పిరికివాణ్ణి బెదిరిస్తారు, అభిమానధనుణ్ణి ఉబ్బిస్తారు. అందరినీ ‘కుట్రలో భాగం చేసుకున్నారు’ అనక్కర్లేదు.

సవరణ: విటులు అన్న మాటనూ అలాగే దించకండి. నాటకంలో విటుడు ఊరి లోగుట్టు తెలిసిన మాటకారి. ఇవాళ్టి చదువరికి వేశ్యాలోలుడు. ‘వీధి ముదుర్లు’ దగ్గరగా ఉంటుంది.