అప్‌డేట్: నూనె సీసాలు వచ్చాయి, రక్త పరీక్షల సంగతే తేలలేదు

డిసెంబరులో అడిగాను కదా. శివమొగ్గ జిల్లా తీర్థహళ్లి వైపు వక్కతోటల్లో ఉంటున్న తెలుగువాళ్లం, పక్క అడవిలో కోతులు చచ్చిపడుతున్నాయి, పిడుదుల వల్ల వచ్చే క్యాసనూరు జ్వరం భయం పట్టుకుంది, అధికారులను కదిలించడం ఎలా అని. ఫోన్లు చేయడం ఆపి, చచ్చిన కోతి కనబడిన చోటు, తేదీ, ఫొటోతో అధికారులకు అర్జీ రాసివ్వమని మీలో కొందరు చెప్పారు. అదే చేశాం.

మా ఆవిడ, పక్కింటి కన్నడ అక్క ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయించారు. మొదటిసారి ఆఫీసులో కాగితం తీసుకుని పక్కన పెట్టేశారు. రెండోసారి అందరం కలిసి వెళ్లి, రశీదు ఇచ్చేదాకా కదల్లేదు. పది రోజులకు ఆశా కార్యకర్త పిడుదులు పట్టకుండా రాసుకునే డీఈపీఏ నూనె తెచ్చింది. అడవిలోకి వెళ్లేముందు కాళ్లకూ చేతులకూ రాసుకోవాలి. ఎండుటాకులు ఏరేవాళ్లకు ముందు ఇప్పించాం, పిడుదులు ఎక్కువగా పట్టేది వాళ్లకే.

టీకా గురించి చాలామంది అడిగారు. పాతది సరిగా పనిచేయడం లేదని 2022లో ఆపేశారు. కొత్తదాని కోసం కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి మన హైదరాబాద్‌లోని టీకాల కంపెనీ ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ పనిచేస్తోంది. ఈ జబ్బును గుర్తించింది 1957లో. ఇన్నేళ్లయినా మంచి టీకా లేదంటే నాకు కడుపు రగిలిపోతుంది.

జ్వరం వస్తే రక్తం ఇవ్వడానికి ఇప్పటికీ బస్సెక్కాల్సిందే. ఊళ్లోనే నమూనా తీసుకోవాలని రెండో అర్జీ రాశాం. సోమవారం ఇస్తున్నాం.